సాక్షి సంతకాలు

ఉద్దేశం

మనిషిని మనిషిగా గుర్తించడానికి మరొకరి ధ్రువీకరణ అవసరమా? అమెరికాలోని నల్లజాతి రచయితల సాహిత్యం రెండున్నర శతాబ్దాలుగా ఈ ప్రశ్న చుట్టూ పరిభ్రమిస్తూ వచ్చింది. ఆ సాహిత్యం చిత్రించిన జాతివివక్షను, దానికి ఎదురుగా నిలిచిన మానవ గౌరవ భావనను విద్యార్థులకు పరిచయం చేయడం, అక్షరానికీ ఆత్మాభిమానానికీ గల సంబంధాన్ని గ్రహింపజేయడం ఈ పాఠం ఉద్దేశం.

నేపథ్యం

ఆఫ్రికా పశ్చిమ తీరం నుంచి స్త్రీలను, పురుషులను, పిల్లలను బంధించి, ఓడలలో అట్లాంటిక్ మహాసముద్రాన్ని దాటించి, అమెరికా ఖండాలలో విక్రయించే వ్యాపారం 16వ శతాబ్దం నుంచి 19వ శతాబ్దం వరకు సాగింది. ఆంగ్లేయుల వలసగా ఉన్న వర్జీనియాకు 1619లో ఇరవైమందికి పైగా ఆఫ్రికన్లు బందీలుగా చేరారు. 1776లో అమెరికా తన స్వాతంత్ర్యాన్ని ప్రకటించుకొని, మానవులందరూ సమానులని లోకానికి చాటింది. ఆ ప్రకటన వెలువడిన తరువాత కూడా పొగాకు, వరి, పత్తి పొలాలలో బానిసల శ్రమ యథావిధిగా కొనసాగింది. 1860 జనాభా లెక్కల నాటికి ఆ దేశంలో బానిసల సంఖ్య దాదాపు 40 లక్షలు. చట్టం దృష్టిలో వారు ఆస్తి. వారిని అమ్మవచ్చు, తాకట్టు పెట్టవచ్చు, వారసులకు పంచి ఇవ్వవచ్చు.

1861 నుంచి 1865 వరకు జరిగిన అంతర్యుద్ధం అనంతరం 13వ రాజ్యాంగ సవరణ ద్వారా బానిసత్వం రద్దయింది. అయినా పాఠశాలలు, రైళ్ళు, గ్రంథాలయాలు, ఓటింగు కేంద్రాల వద్ద నల్లజాతివారిని వేరుచేసే పద్ధతులు తరువాత శతాబ్దం వరకు నిలిచాయి. 1896లో ఆ దేశ సర్వోన్నత న్యాయస్థానం అటువంటి వేర్పాటును సమర్థించింది. పాఠశాలల విషయంలో 1954లో అదే న్యాయస్థానం దానిని రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పింది. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం వచ్చాయి. ఈ చరిత్రను దృష్టిలో ఉంచుకొని పాఠ్యభాగాన్ని చదవాలి.

పాఠ్యభాగం

1773వ సంవత్సరంలో లండన్ నగరంలో ఒక కవితా సంపుటి వెలువడింది. దానిని రచించినవారు ఫిలిస్ వీట్లీ. అప్పటికి ఆమె వయస్సు ఇరవై ఏళ్ళ ప్రాంతం. ఆ పుస్తకంలో కవితలకంటె ముందు ఒక ధ్రువపత్రం అచ్చయి ఉంది. ఈ పద్యాలను ఫిలిస్ అనే నల్లజాతి యువతి స్వయంగా రాసిందని తాము నమ్ముతున్నామంటూ బోస్టన్ నగరానికి చెందిన 18 మంది ప్రముఖులు దాని కింద తమ పేర్లు ఉంచారు. వారిలో మసాచుసెట్స్ గవర్నరు థామస్ హచిన్సన్ ఉన్నారు. మూడేళ్ళ తరువాత అమెరికా స్వాతంత్ర్య ప్రకటనపై మొట్టమొదటి సంతకం చేసిన జాన్ హాంకాక్ కూడా ఉన్నారు.

వీట్లీని ఏడెనిమిదేళ్ళ ప్రాయంలో పశ్చిమ ఆఫ్రికా నుంచి తెచ్చి, 1761లో బోస్టన్ రేవులో విక్రయించారు. ఆమెను తెచ్చిన ఓడ పేరు ఫిలిస్. ఆ ఓడ పేరునే పాపకు పెట్టారు. కొన్న కుటుంబం ఇంటిపేరు ఆమెకు ఇంటిపేరయింది. తల్లిదండ్రులు పెట్టుకొన్న పేరు ఏమిటో చరిత్రకు అందలేదు. ఆ ఇంట్లోనే ఆమెకు చదువు అబ్బింది. పదహారు నెలలలోనే బైబిలులోని కఠిన భాగాలను సైతం చదవగలిగిందని ఆమె యజమాని తన లేఖలో పేర్కొన్నాడు. ఆ లేఖ కూడా ఆ పుస్తకంలోనే ఉంది. అంతకుముందు, 1772లో, చందాదారుల సాయంతో పుస్తకాన్ని బోస్టన్‌లోనే అచ్చువేయాలని చేసిన ప్రయత్నం ఫలించలేదు. అందువల్ల సముద్రం దాటి లండన్‌లో ప్రచురించవలసి వచ్చింది.

ఒక శ్వేతజాతి యువకుడు ఆ పద్యాలే రాసి ఉంటే, అవి బాగున్నాయా లేదా అని మాత్రమే పాఠకులు అడిగేవారు. వీట్లీ విషయంలో అడిగిన ప్రశ్న వేరు. ఇవి నిజంగా ఈమె రాసినవేనా అని అడిగారు. ఆ ప్రశ్న వెనుక ఒక భయం ఉంది. ఆఫ్రికన్లకు వివేచనాశక్తి లేదన్న నమ్మకం మీద బానిస వ్యాపారానికి సమర్థన నిలిచి ఉంది. ఒక బానిస పద్యం రాయగలదంటే ఆమెకు ఆలోచన ఉన్నట్టే, అంతరంగం ఉన్నట్టే. అటువంటి మనిషిని రేవులో నిలబెట్టి వెలకట్టడం నేరమని ఒప్పుకోవలసి వస్తుంది. స్వాతంత్ర్య ప్రకటన ముసాయిదాను రాసిన థామస్ జెఫర్సన్ వీట్లీ కవిత్వాన్ని తన గ్రంథంలో చులకన చేశారు. ఆయన వందలాది బానిసలకు యజమాని అన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి. పద్దెనిమిది సంతకాలు ఉన్నా వీట్లీకి న్యాయం జరగలేదు. పుస్తకం వెలువడిన తరువాత ఆమెకు విముక్తి లభించింది గాని, పేదరికం వీడలేదు. 1784లో, ముప్పై ఏళ్ళు దాటిన కొద్ది కాలానికే, ఆమె కన్నుమూశారు.

సాక్ష్యం చూపమని అడిగిన సమాజమే ఆ సాక్ష్యం పుట్టకుండా కట్టడి చేసింది. బానిసలకు రాయడం నేర్పరాదని దక్షిణ కరొలైనా 1740లోనే శాసించింది. బానిసత్వాన్ని ఎదిరించమని పిలుపునిస్తూ బోస్టన్‌లో డేవిడ్ వాకర్ అనే స్వేచ్ఛాజీవి అయిన నల్లజాతి రచయిత 1829లో వెలువరించిన చిన్న పుస్తకం రహస్యంగా దక్షిణాది రేవులకు చేరింది. దానితో కలవరపడిన పాలకులు నిబంధనలను మరింత బిగించారు. ఉత్తర కరొలైనా 1830లో బానిసలకు చదవడం, రాయడం నేర్పడాన్ని నిషేధించింది. బానిసలకు తెలివి లేదని నిజంగా నమ్మినవారికి ఇన్ని శాసనాల అవసరం ఏముంది? తెలివి ఉందని వారికి తెలుసు. ఈ నిషేధాలే అందుకు తార్కాణం.

ఈ నిషేధపు నీడలో అక్షరాన్ని సాధించినవారిలో అగ్రగణ్యులు ఫ్రెడరిక్ డగ్లస్. ఆయన 1818లో మేరీలాండ్ రాష్ట్రంలో బానిస తల్లికి జన్మించారు. పసితనంలోనే తల్లి నుంచి వేరుచేశారు. పన్నెండు మైళ్ళ దూరాన పగలంతా పొలంలో పనిచేసే ఆ తల్లి, రాత్రివేళ నడిచి వచ్చి, బిడ్డ పక్కన పడుకొని నిద్రపుచ్చి, తెల్లవారేసరికి మళ్ళీ పనిలో ఉండేది. ఎనిమిదేళ్ళ వయస్సులో ఆ బాలుణ్ణి బాల్టిమోర్ నగరంలోని ఆల్డ్ దంపతుల ఇంటికి పంపారు. ఇల్లాలు సోఫియా ఆల్డ్ జాలితో అతనికి అక్షరాలు దిద్దించసాగింది. అది తెలిసిన భర్త హ్యూ ఆల్డ్ భార్యను వారించాడు. చదువు నేర్చినవాడు బానిసగా ఉండటానికి పనికిరాడన్నాడు. ఆ మాటలు బాలుని చెవిన పడ్డాయి. యజమాని దేనికి భయపడుతున్నాడో తన విముక్తికి అదే మార్గమని అతడు గ్రహించాడు.

అప్పటినుంచి ఆ బాలునికి వీధే బడి అయింది. ఇంట్లో దొరికే రొట్టెముక్కలను జేబులో వేసుకొని వెళ్ళి, ఆకలితో ఉన్న పేద శ్వేతజాతి పిల్లలకు ఇచ్చి, బదులుగా వారి దగ్గర చదువు నేర్చుకొన్నాడు. ఓడలు కట్టే చోట వడ్రంగులు దూలాల మీద గుర్తుగా రాసే అక్షరాలను చూసి రాయడం అభ్యసించాడు. యజమాని కుమారుడు రాసి పారేసిన కాపీ పుస్తకాలలో మిగిలిన ఖాళీ స్థలమే అతనికి పలక అయింది. పన్నెండేళ్ళ వయస్సులో, కూడబెట్టుకొన్న యాభై సెంట్లతో, ప్రసంగాలు, సంవాదాలు ఉన్న ఒక పాఠ్యగ్రంథాన్ని కొనుక్కొన్నాడు. అందులో ఒక బానిస తన యజమానితో వాదించి, వాదంలో నెగ్గి, విముక్తి పొందే సంవాదం ఉంది. మాటకు అంతటి శక్తి ఉందని అతడు తెలుసుకొన్నాడు.

1838 సెప్టెంబరు 3న డగ్లస్ బాల్టిమోర్ నుంచి తప్పించుకొన్నారు. ఆ కాలంలో స్వేచ్ఛగా ఉన్న నల్లజాతివారు సైతం తాము బానిసలం కామని తెలిపే కాగితాలు వెంట ఉంచుకోవలసి వచ్చేది. డగ్లస్ ఒక నల్లజాతి నావికుని గుర్తింపు పత్రాన్ని అరువు తీసుకొని, నావికుని దుస్తులు ధరించి రైలు ఎక్కారు. పత్రంలోని దేహ వర్ణన ఆయనకు సరిపోలదు. రైలు ఉద్యోగి దానిని పైపైన చూసి వదిలివేశాడు. ఆ అజాగ్రత్త ఒక మనిషి జీవితాన్ని నిలబెట్టింది.

ఉత్తరాదికి చేరిన డగ్లస్ బానిసత్వ నిర్మూలన సభలలో ప్రసంగించసాగారు. అక్కడ మరొక అవరోధం ఎదురయింది. ఇంత చక్కగా మాట్లాడే వ్యక్తి ఒకనాటి బానిస అంటే శ్రోతలు నమ్మలేదు. నోరు మెదపకపోతే మూర్ఖుడనడం, నోరు విప్పితే మోసగాడనడం ఆనాటి న్యాయం. ఆ సందేహానికి సమాధానంగా 1845లో ఆయన తన ఆత్మకథను ప్రచురించారు. అందులో యజమానుల పేర్లు, ఊళ్ళ పేర్లు దాచకుండా రాశారు. తాను స్వయంగా రాసిన గ్రంథమన్న మాట ముఖపత్రంపై ప్రత్యేకంగా ముద్రించారు. అయినప్పటికీ ఆ గ్రంథానికి ముందు విలియం లాయిడ్ గారిసన్ అనే శ్వేతజాతి పత్రికా సంపాదకుని పీఠిక, వెండెల్ ఫిలిప్స్ అనే శ్వేతజాతి వక్త లేఖ చేరాయి. వారిద్దరూ ఆయన హితులే, ఉద్యమ సహచరులే. కాని పాఠకుడు డగ్లస్ స్వరాన్ని వినడానికి ముందు వారి హామీ వినవలసి వచ్చింది.

నిజం చెప్పినందుకు మూల్యం కూడా ఉంది. పేర్లు బయటపడినందువల్ల పట్టుబడే ప్రమాదం ఏర్పడి, డగ్లస్ ఆ ఏడాదే బ్రిటన్ దీవులకు వెళ్ళారు. 1846లో అక్కడి మిత్రులు చందాలు పోగుచేసి ఆయన యజమానికి సొమ్ము చెల్లించి విముక్తి పత్రం సంపాదించారు. 1847లో ఆయన సొంత పత్రికను స్థాపించారు. 1855లో రెండవ ఆత్మకథను వెలువరించారు. ఈసారి పరిచయం రాసినవారు జేమ్స్ మెక్యూన్ స్మిత్. ఆయన గ్లాస్గో విశ్వవిద్యాలయంలో వైద్యశాస్త్ర పట్టా పొందిన నల్లజాతి వైద్యులు. పదేళ్ళలో పుస్తకం ముందుండే సంతకం మారింది. చిన్న మార్పుగా కనిపించినా అది చరిత్రలో పెద్ద అడుగు.

పురుషునికే ఇన్ని సాక్ష్యాలు అవసరమైనప్పుడు స్త్రీ పరిస్థితి ఇంకెంత కఠినమో హారియెట్ జేకబ్స్ జీవితం తెలుపుతుంది. ఆమె ఉత్తర కరొలైనాలో జన్మించారు. యజమాని లైంగిక వేధింపుల నుంచి తప్పించుకోవడానికి అమ్మమ్మ ఇంటి కప్పు కింద ఉన్న చిన్న అటకలో దాదాపు ఏడేళ్ళు దాగి ఉన్నారు. అక్కడ నిటారుగా నిలబడే వీలు లేదు. చెక్కలో తాను చేసుకొన్న చిన్న రంధ్రం గుండా కింద ఆడుకొనే తన పిల్లలను చూసుకొనేవారు. వారిని పిలవడానికి మాత్రం వీలులేదు. 1842లో ఉత్తరాదికి తప్పించుకొని, తరువాత తన కథను రాసి 1861లో మారుపేరుతో ప్రచురించారు. శ్వేతజాతి రచయిత్రి లిడియా మరియా చైల్డ్ దానికి సంపాదకత్వం వహించారు. ఆ గ్రంథం నిజమైన ఆత్మకథ కాదనీ, కల్పన అనీ చాలామంది పండితులు చాలాకాలం భావించారు. పరిశోధకురాలు జీన్ ఫాగన్ యెలిన్ లేఖలను, దస్తావేజులను గాలించి, అది జేకబ్స్ స్వీయ రచనే అని నిరూపించి, 1987లో సవివరమైన ప్రతిని ప్రకటించారు. ఒక స్త్రీ తన జీవితాన్ని తానే రాసుకొందని లోకం ఒప్పుకోవడానికి నూట ఇరవై ఏళ్ళకు పైగా పట్టింది.

బానిసత్వం రద్దయిన తరువాత సాక్ష్యం అడగడం ఆగలేదు. దాని రూపం మాత్రం మారింది. 1890లో మిసిసిపి రాష్ట్రం తన రాజ్యాంగంలో ఓటరు అక్షరాస్యత నిబంధనను చేర్చింది. ఇతర దక్షిణాది రాష్ట్రాలూ అదే మార్గం పట్టాయి. పరీక్షించేది స్థానిక శ్వేతజాతి అధికారి, ఉత్తీర్ణత నిర్ణయించేదీ అతడే. చదవడం నేరమని నిన్న శిక్షించినవారే చదవడం రాదని నేడు ఓటు నిరాకరించారు.

ఈ అవమానం మనస్సులో చేసే గాయాన్ని డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్ 1903లో ప్రచురించిన తన వ్యాససంపుటిలో విశ్లేషించారు. హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేటు పొందిన తొలి ఆఫ్రికన్ అమెరికన్ ఆయన. బాల్యంలో తరగతిలోని పిల్లలు పరిచయపత్రాలు ఇచ్చిపుచ్చుకొనే ఆట ఆడుతుండగా, కొత్తగా వచ్చిన ఒక బాలిక ఆయన కార్డును మాత్రం తీసుకోలేదు. తనకూ వారికీ మధ్య ఒక తెర ఉందని ఆ రోజున తెలిసింది. ఎదుటివారి తిరస్కారపు కళ్ళతో తనను తాను కొలుచుకోవలసిన దుస్థితికి ఆయన ద్వంద్వ చైతన్యం అని పేరు పెట్టారు. వివక్ష బయటి గోడలను మాత్రమే కట్టదు, మనిషి లోపల కూడా ఒక గోడ కడుతుందని ఆయన సిద్ధాంత సారాంశం.

మిసిసిపిలో 1908లో జన్మించిన రిచర్డ్ రైట్ మెంఫిస్ నగరంలో పనిచేస్తున్న రోజులలో గ్రంథాలయ ద్వారం నల్లజాతివారికి మూసి ఉండేది. ఆయన ఒక శ్వేతజాతి సహోద్యోగి కార్డును అరువు తీసుకొన్నారు. ఈ కుర్రవానికి ఫలానా పుస్తకాలు ఇచ్చి పంపండి అన్న అర్థంలో ఆ సహోద్యోగి పేరుతో తానే చీటీ రాసుకొని, దానిలో తనను తానే కించపరచుకొనే మాట వాడి, తాను చదువురాని నౌకరునన్నట్టు నటిస్తూ పుస్తకాలు తెచ్చుకొన్నారు. 1945లో వెలువడిన ఆత్మకథలో ఈ ఉదంతాన్ని ఆయన వివరించారు. వీట్లీ తనకు చదువు వచ్చునని నిరూపించుకోవలసి వచ్చింది. రైట్ తనకు చదువు రాదని నమ్మించవలసి వచ్చింది. రెండు సందర్భాలలోనూ ద్వారం తెరిచే అధికారం మరొకరి సంతకానిదే.

శ్వేతజాతి రచయితలలోనూ ఈ అన్యాయాన్ని గుర్తించినవారు ఉన్నారు. మార్క్ ట్వేన్ 1884లో వెలువరించిన హకల్‌బెరీ ఫిన్ నవలలో, పారిపోతున్న జిమ్ అనే బానిస ఆచూకీ తెలుపుతూ హక్ అనే బాలుడు యజమానురాలికి ఉత్తరం రాస్తాడు. బానిసను అప్పగించడమే ధర్మమని అతనికి పెద్దలు నేర్పారు. కాని నదిపై తెప్పలో జిమ్ తనపై చూపిన వాత్సల్యం జ్ఞాపకం వచ్చి, నరకానికి పోవలసి వచ్చినా సరేనని ఆ ఉత్తరాన్ని చించివేస్తాడు. నేర్చుకొన్న నీతిని అంతఃకరణం జయించిన ఘట్టమది. అయితే ఆ నవలలో జిమ్ మంచితనానికి హక్ ఒక్కడే సాక్షి. జిమ్ లోపల ఏమనుకొంటున్నాడో మనకు నేరుగా తెలియదు.

ఆ లోటును 2024లో పెర్సివల్ ఎవరెట్ అనే నల్లజాతి రచయిత జేమ్స్ అన్న నవలతో పూరించారు. అదే కథను ఈసారి జిమ్ స్వయంగా చెబుతాడు. అతనికి చదవడం, రాయడం వచ్చు. శ్వేతజాతివారి ఎదుట మాత్రం ప్రాణరక్షణ కోసం వచ్చీరాని భాష మాట్లాడతాడు. తన కథ రాసుకోవడానికి ఒక పెన్సిలు ముక్క కావలసి వస్తే, దానిని దొంగిలించి తెచ్చి ఇచ్చిన తోటి బానిస తన ప్రాణాన్నే కోల్పోతాడు. ఈ నవలకు 2024లో అమెరికా జాతీయ గ్రంథ పురస్కారం, 2025లో పులిట్జర్ బహుమతి లభించాయి.

సాక్ష్యం అడిగేవారి కలాన్నే బోనులో నిలబెట్టిన రచయిత్రి టోనీ మోరిసన్. 1856 జనవరిలో కెంటకీ రాష్ట్రం నుంచి గడ్డకట్టిన ఒహాయో నదిని దాటి పారిపోయిన మార్గరెట్ గార్నర్ అనే బానిస స్త్రీ, పట్టుబడే క్షణంలో, తన బిడ్డ తిరిగి బానిస కారాదని ఆ బిడ్డ ప్రాణం తానే తీసింది. ఈ యథార్థ విషాదం ప్రేరణగా మోరిసన్ 1987లో బిలవెడ్ నవలను రచించారు. అందులో బడిపంతులుగా పిలవబడే తోట నిర్వాహకుడు ఒకడు ఉంటాడు. సెథ అనే బానిస స్త్రీ లక్షణాలలో మనిషి లక్షణాలను ఒక పక్క, పశు లక్షణాలను మరొక పక్క జాబితాగా రాయమని అతడు శిష్యులకు నేర్పుతాడు. ఆ రాతకు వాడిన సిరాను తయారుచేసింది సెథే. తనను పశువుగా లెక్కించే రాతకు తన చేతులే సిరా అందించాయన్న బాధ ఆమెను జీవితాంతం వెంటాడుతుంది. చదువు దానంతటదే మానవత్వం కాదని ఈ ఘట్టం హెచ్చరిస్తుంది. డగ్లస్‌కు విముక్తి ఇచ్చిన అక్షరమే ఈ పంతులు చేతిలో సంకెల అయింది.

శ్వేతజాతి పాఠకుని మెప్పు కోసమో, అతనికి వివరించడం కోసమో తాను రాయనని మోరిసన్ పలుమార్లు స్పష్టం చేశారు. 1993లో ఆమెకు సాహిత్యంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ గౌరవం పొందిన తొలి నల్లజాతి మహిళ ఆమె. ఆమె పుస్తకాల ముందు ఏ పెద్దల ధ్రువపత్రమూ లేదు. వీట్లీ నుంచి మోరిసన్ వరకు రెండు శతాబ్దాల ప్రయాణం సారాంశం ఇదే. తొలి రచయితలు తాము మనుషులమని నిరూపించారు. తరువాతివారు ఆ నిరూపణ అడిగే హక్కు మీకు ఎవరిచ్చారని ప్రశ్నించారు.

ఈ సాహిత్యంతోనూ ఈ పోరాటంతోనూ మన దేశానికి చిరకాల సంబంధం ఉంది. మహాత్మా జోతిరావ్ ఫూలే 1873లో మరాఠీలో రచించిన గులాంగిరీ గ్రంథాన్ని, బానిసత్వ నిర్మూలనకు త్యాగాలు చేసిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ 1946లో డుబాయిస్‌కు లేఖ రాసి, నల్లజాతివారి సమస్యకూ అస్పృశ్యుల సమస్యకూ గల పోలికను ప్రస్తావించారు. డుబాయిస్ సానుభూతితో జవాబు రాశారు. అలెక్స్ హేలీ 1976లో ఆంగ్లంలో వెలువరించిన రూట్స్ గ్రంథాన్ని సహవాసి ఏడు తరాలు పేరుతో తెలుగులోకి తెచ్చారు. ఆ పుస్తకం ద్వారా కుంటా కింటే అనే బందీ పేరు తెలుగు పాఠకులకు చిరపరిచితమయింది.

చట్టం హక్కును ఇవ్వగలదు, హక్కును కాపాడగలదు. మనిషి విలువ మాత్రం చట్టం పుట్టించినది కాదు. వీట్లీ పుస్తకంపై పద్దెనిమిది మంది సంతకం చేయడానికి ముందే ఆమె కవయిత్రి. విముక్తి పత్రం చేతికి రాకముందే డగ్లస్ స్వతంత్రుడు. సాక్ష్యం లేక మనిషి విలువ తగ్గదు. సాక్ష్యం అడిగినవాని విలువే తగ్గుతుంది. రంగును బట్టి, పుట్టుకను బట్టి, మాట్లాడే యాసను బట్టి ఎదుటివారి అర్హతను శంకించే అలవాటు ఏ ఒక్క దేశానికో పరిమితం కాదు. ఒక తోటి విద్యార్థి చక్కని వ్యాసం రాసినప్పుడు, ఇది నిజంగా నీవే రాశావా అని అడగాలనిపిస్తే, ఆ అనుమానం ఎక్కడినుంచి పుట్టిందో ముందుగా మనలను మనమే ప్రశ్నించుకోవాలి. ఈ సాహిత్యం మననుంచి కోరే ఏకైక ప్రతిఫలం అదే.

కఠిన పదాలు – అర్థాలు

ధ్రువపత్రం = నిజమని తెలిపే పత్రం
పరిభ్రమించు = చుట్టూ తిరుగు
వివేచన = మంచి చెడులను విడదీసి తెలుసుకోవడం
తార్కాణం = నిదర్శనం
అవరోధం = అడ్డంకి
అంతఃకరణం = మనస్సు
ఉదంతం = వృత్తాంతం

అభ్యాసం

I. కింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. ఫ్రెడరిక్ డగ్లస్ అక్షరాస్యత సాధించిన విధానాన్ని, అది ఆయన జీవితంలో తెచ్చిన మార్పును వివరించండి.
2. ఈ పాఠానికి ‘సాక్షి సంతకాలు’ అన్న శీర్షిక ఎంతవరకు తగి ఉందో చర్చించండి.

II. కింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. ఫిలిస్ వీట్లీ పుస్తకానికి ధ్రువపత్రం ఎందుకు అవసరమయింది?
2. హారియెట్ జేకబ్స్ అజ్ఞాత జీవితాన్ని వర్ణించండి.
3. ద్వంద్వ చైతన్యం అంటే ఏమిటి?
4. ట్వేన్ నవలలోని లోటును ఎవరెట్ ఏ విధంగా పూరించారు?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. వీట్లీ కవితా సంపుటి ఏ సంవత్సరంలో, ఏ నగరంలో వెలువడింది?
2. డగ్లస్ రెండవ ఆత్మకథకు పరిచయం రాసినవారు ఎవరు?
3. ఏడు తరాలు అనువాదకులు ఎవరు?
4. ఫూలే ఏ గ్రంథాన్ని అమెరికా ప్రజలకు అంకితమిచ్చారు?

IV. సందర్భసహిత వ్యాఖ్యలు రాయండి.
1. నోరు మెదపకపోతే మూర్ఖుడనడం, నోరు విప్పితే మోసగాడనడం ఆనాటి న్యాయం.
2. చదవడం నేరమని నిన్న శిక్షించినవారే చదవడం రాదని నేడు ఓటు నిరాకరించారు.
3. సాక్ష్యం లేక మనిషి విలువ తగ్గదు. సాక్ష్యం అడిగినవాని విలువే తగ్గుతుంది.

V. కింది పదాలను విడదీసి సంధి పేరు తెలపండి.
ఆత్మాభిమానం, స్వేచ్ఛ, ప్రత్యేకం, ఏకైక